గోనెపట్టాలో నానిన బొమ్మ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బొమ్మలు చేయాలన్న సరదాతో గుంటూరులో తెల్లమట్టి పొట్లం కొనుక్కున్నాను. దాన్ని కాల్చక్కర్లేదు, గాలికే గట్టిపడుతుంది. మా ఊరి ఎండాకాలపు గాలి సంగతి మాత్రం దాన్ని తయారుచేసినవాళ్లకు తెలియదు. మా అమ్మాయికి చేసిన బొమ్మ సాయంత్రానికల్లా బీటలు వారి, చెయ్యి ఊడిపోయింది. పిల్ల ఒకటే ఏడుపు. నాకు చిర్రెత్తుకొచ్చి బొమ్మను పెంటకుప్ప మీదికి విసరబోయాను.

మిరప కల్లం నుంచి అప్పుడే వచ్చిన మా అత్తగారు ఆపారు.

"పారేస్తావెందుకమ్మాయ్? ఎండుమిరపకాయలకే నీళ్లు చల్లి, మెత్తబడ్డాక బస్తాల్లో తొక్కుతున్నాం. మట్టి మెత్తబడదా?"

ఆవిడే బొమ్మను రాయితో నలగ్గొట్టి, నీళ్లు చల్లి, తడి గోనెపట్టాలో చుట్టిపెట్టారు. తెల్లారేసరికి మట్టి చపాతీ పిండిలా అయింది. సంబరంగా పిసకడం మొదలుపెట్టానో లేదో, అరచేతులు భగ్గుమన్నాయి. ఆ పట్టా కల్లంలో కాయల మీద కప్పేది!

"చూసుకోవద్దా అత్తయ్యా!" అని అరిచాను.

ఆవిడ నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే నా చేతులకు కొబ్బరినూనె రాశారు. మంట తగ్గాక మళ్లీ కూర్చుని బొమ్మ చేశాను. ఈసారి నీడలో, తడిగుడ్డ కప్పి మెల్లగా ఆరనిచ్చాం. ఒంటినిండా ఎర్ర నలుసులున్నా ఒక్క బీట పడలేదు. దాన్ని అలమరలో పెట్టి చూపించామే తప్ప పిల్ల చేతికివ్వలేదు.

ఆ తర్వాత ఏ బొమ్మ విరిగినా మా అమ్మాయి ఏడవలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి, "నానమ్మా, గుడ్డ ఉతికిందేనా?" అని మాత్రం అడిగేది.