కోరి పిండి వెయ్యి

మా ఇళ్లలో రొట్టె అంటే ఆసుపత్రి. ఎవరైనా మంచాన పడితే చూడబోయేవాళ్లు బస్టాండు దగ్గర ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు కమలాపళ్లు కొనుక్కుని పోతారు. ఒంట్లో బాగున్నవాళ్లు బ్రెడ్డు తినడం మేము ఎరగం. అందుకే ఆ గురువారం సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, రేపు టీచరమ్మ ఇంట్లో నేను రొట్టె చేయాలని చెప్పగానే, మా అత్త చేటలో రాగులు చెరగడం ఆపి నా మొహం చూసింది.

"ఎవరికేమయిందే?" అంది.

"ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు ఊరికే తింటారు."

"ఊరికే రొట్టి తినేదేమి?" అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. ఆ రోజుల్లో దేనికీ ఓపిక ఉండేది కాదు. నేను సిత్తాళు పని చేసేదాన్ని. ఇల్లు కట్టేచోట మేస్త్రి చేతికి ఇటుకలు, ఇసుకా సిమెంటూ తడిపి కలిపిన కలవ అందించే ఆడమనిషిని ఇక్కడ సిత్తాళు అంటారు. ఈ తమిళ సీమలో, ధర్మపురి చుట్టుపక్కల ఎక్కడ గోడ లేస్తుంటే అక్కడికి పోయేదాన్ని. పద్దెనిమిదేళ్లు తట్ట మోసిన మెడ అది. ఎవరో వెనక నుంచి గట్టిగా పట్టుకుని వదలనట్టే ఉండేది.

మా అక్కది నీడ పట్టున చేసే పని. టీచరమ్మ ఇంట్లో వంట. టీచరమ్మ అంటే బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన తమిళావిడ. భర్త లేడు. మోకాళ్లు పట్టేశాయి, పళ్లు సగం ఊడాయి. పదిహేనేళ్లుగా ఆమెకు వండిపెట్టేది అక్కే. బావ పోయాక అక్క ఆ ఇంటి వెనక ఉన్న ఒంటిగదిలోనే ఉండిపోయింది. వంటపని ఉన్నంతకాలం ఆ గది. పని పోతే గదీ పోతుంది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు.

టీచరమ్మ కొడుకు కంబైనల్లూరు దగ్గర పొలంలో జుకినీ పండించి బెంగళూరుకు లారీ ఎక్కిస్తాడు. చూడడానికి కీరదోసకాయలా ఉంటుంది, కోస్తే లేత సొరకాయ. మా నోళ్లలో అది సుక్కిని అయింది. వంకర పోయినవీ, మరీ లావైనవీ లారీ ఎక్కవు, గోనెసంచిలో ఇంటికి వస్తాయి. సాంబారు చేసి, పప్పు వేసి కూటు చేసి, పక్కింటికి పంచి, ఇంకా మిగిలితే ఏం చేయాలో తెలియక టీచరమ్మ ఫోనులో ఎక్కడో చూసి, వాటితో రొట్టె చేయించింది. మూడు నాలుగుసార్లు చెడిపోయాక అక్క చేతికి పట్టుబడింది. మెత్తగా, తియ్యగా, కాస్త పట్ట వాసనతో, అదే దాల్చినచెక్క, పళ్లు లేని నోటికి హాయిగా ఉండేది. ప్రతి శుక్రవారం చేసేది. టీచరమ్మ వారమంతా కాఫీలో అద్దుకుని తినేది. పొద్దున వేరే ఏమీ ముట్టేది కాదు.

అలాంటి అక్కకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేశారు. మూడు వారాలు నోరు విప్పకూడదన్నారు, బరువులు ఎత్తకూడదన్నారు. టీచరమ్మ చెడ్డమనిషి కాదు. ఆసుపత్రికి వచ్చి చూసింది, తనూ ఒక బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చింది. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి మాత్రం ఒక మాట చెప్పింది. "ఈ మూడు వారాలు నువ్వు వచ్చి నడిపించు. నడిస్తే మీ అక్క చోటు మీ అక్కదే. నడవకపోతే పెన్నాగరం నుంచి ఒకావిడ వస్తానంటోంది, ఆమెను పెట్టుకుంటాను. నేను పస్తు ఉండలేను కదా."

మేస్త్రికి చెప్పి సెలవు పెట్టాను. అన్నం, కొళంబు, పొరియలు, అంటే పులుసూ వేపుడూ, నాకు రానివి కావు. భయమంతా రొట్టెతోనే. అక్క మంచం మీద కూర్చుని, క్యాలెండరు కాగితం చింపి, దాని వెనక రాసి ఇచ్చింది. మాకు మాట తెలుగు, రాత తమిళం. తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకుంటాం. క అన్నా గ అన్నా ఒకే అక్షరం, ప అన్నా బ అన్నా ఒకే అక్షరం. తెలిసినవాళ్లు తెలిసినట్టు చదువుకుంటారు. అక్క రాసింది ఇది.

"బెల్లం పొడి, నూనె, పెరుగు బాగా కలుపు. సుక్కిని కోరి పిండి వెయ్యి. గోదుమ పిండి మూడు లోటాలు, సోడా ఒక స్పూను, పట్ట పొడి. మెల్లగా కలుపు. అవన్‌లో ఒక గంట."

ఇంతే. చంటిపిల్ల కూడా చేస్తుంది అనుకున్నాను.

మొదటి శుక్రవారం బెల్లం, నూనె, పెరుగు కలిపాను. సుక్కినిలు కోరాను. పిండి వెయ్యమంది, వేశాను. ఏం పిండో, ఎంతో పక్కనే రాసి ఉంది, మూడు లోటాలు. కలుపుతుంటే గిన్నెలో ఊట ఊరడం మొదలైంది. కలిపేకొద్దీ నీళ్లు. ఆ కాయ నిండా నీళ్లే. నాకు కంగారు కూడా కలగలేదు, ఎందుకంటే ఈ పని నాకు తెలుసు. కలవ జారుగా ఉంటే మేస్త్రి ఏమంటాడు? ఇంకో తట్ట సిమెంటు వెయ్యమంటాడు. నాలుగో లోటా వేశాను. ఐదోది వేశాను. చివరికి గోడకు కొడితే అతుక్కునేటంత చిక్కగా వచ్చింది. చూసుకుని మురిసిపోయాను కూడా.

గంట తర్వాత పైన ఇటుకలా వచ్చింది. కోస్తే లోపల సంగటి. కత్తికి అంటుకుని వదల్లేదు. టీచరమ్మ ఒక ముక్కను వేలితో నొక్కి చూసి, పళ్లెం పక్కకు జరిపింది. అయ్యవారు ఏమీ అనకుండా పలక వెనక్కిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. కాఫీ మాత్రం తాగి లేచి వెళ్లింది. పెన్నాగరం ఆవిడ చీర కొంగు నాకు వాకిట్లో కనిపించినట్టే అనిపించింది.

సాయంత్రం ఆ రొట్టెను కాగితంలో చుట్టుకుని ఆసుపత్రికి పోయాను. ఆసుపత్రికి రొట్టె తీసుకుపోవడం మాకు కొత్త కాదు కదా. అక్క విప్పి చూసింది. బొటనవేలితో నొక్కింది. కాగితం చూపించమని సైగ చేసింది. నేను వేలు పెట్టి చదివి వినిపించాను. "సుక్కిని కోరి, పిండి వెయ్యి."

అక్క నా మొహం చూసింది. రెండు చేతులూ ఎత్తి, గాలిలో తడిగుడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, మెలితిప్పింది. నాకు తెలియలేదు. మళ్లీ మెలితిప్పింది. అప్పుడు తెలిసింది. కోరి, పిండి, వెయ్యి. నీళ్లు పిండేసి వెయ్యమంది. నేను పిండి పోశాను.

అక్కకు నవ్వు వచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయి. గొంతు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, నవ్వించవద్దని నన్ను కొడుతూ తను నవ్వింది. పక్క మంచం వాళ్లు నర్సును పిలిచారు. నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తులేదు. ఆ వారం నాకు ఆ రెండింటికీ తేడా అంతగా లేదు.

చాలాకాలం ఆ తప్పును తమిళ అక్షరాల మీద తోశాను. మన మాట మన అక్షరంలో ఉండి ఉంటే ఇలా అయ్యేదా అని. తర్వాత మేమంతా పనుల్లేక ఇంట్లో కూర్చున్న నెలల్లో, ఫోను చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కాస్త చేయి తిరిగాక నేను మొట్టమొదట రాసిన వాక్యం అదే. సుక్కిని కోరి పిండి వెయ్యి. రాసి చూసుకుంటే అందులోనూ అదే పిండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ పాపం ఆ అక్షరాల్ని తిట్టాను.

రెండో శుక్రవారానికి అక్క ఆసుపత్రి నుంచి వచ్చి వెనక గదిలో పడుకుంది. మాట లేదు, పని లేదు. నేను సుక్కిని కోరి, పాత పంచె గుడ్డలో మూటగట్టి పిండాను. తట్టలు మోసిన చేతులకు అదొక పనా? చెంబెడు నీళ్లు దిగాయి. ఇంకా పిండాను. పొట్టులా పొడిపొడిగా అయ్యేదాకా పిండాను. రొట్టె ఎలా వచ్చిందో నేను చెప్పుకోకూడదు కానీ చెప్తాను. అక్క చేసినదానికన్నా బాగా వచ్చింది. అక్క చేతుల్లో అంత బలం ఎప్పుడూ లేదు మరి.

టీచరమ్మ రెండు ముక్కలు తింది. వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, మెల్లగా తమిళంలో చెప్పింది. "నువ్వే ఉండిపో. మీ అక్క ఇంకెంత కాలం చేస్తుంది? నీకూ ఎండ తప్పుతుంది. గది కూడా నువ్వే వాడుకో. ఆమెకు నేను నచ్చచెబుతాను."

వద్దమ్మా అనాలి నేను. అనలేదు. "చూస్తానమ్మా" అన్నాను.

ఆ వారమంతా చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ వంటిల్లు కావాలనిపించింది. తల మీద ఫ్యాను, పక్కనే కొళాయి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా అడిగేవాళ్లు లేరు. అన్నిటికంటే మెడ. పది రోజులకే పట్టు వదిలింది. ఒక పొద్దున లేచి తల తిప్పితే తిరిగింది. నొప్పి అంటే నా ఒంటితో పుట్టినది అనుకున్నాను ఇన్నేళ్లూ, దానికి పోవడం కూడా వచ్చని నాకు తెలియదు. అది తెలిశాక మళ్లీ తట్ట దగ్గరకు పోవడం ఎలా? అక్కను మా ఇంట్లో పెట్టుకుందాం, ఒక మూల చాప వేద్దాం, అత్త సణిగితే సణగనీ అని లెక్కలు వేసుకున్నాను. అక్కకు అన్నం పెట్టి వస్తూ ఆమె కళ్లలోకి చూడకుండా ఉండడం కూడా నేర్చుకున్నాను. ఆమె మాట్లాడలేకపోవడం నాకు సుఖంగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అది నిజం.

మూడో శుక్రవారం సుక్కిని కోరాను. గుడ్డలో పోసి మూటగట్టి, రెండు చేతులతో పట్టుకున్నాను. పిండితే చాలు. అక్క మూడు నాలుగుసార్లు చెడగొట్టి నేర్చుకున్న పని అది, నాకు ఒక గాలి సైగలో ఇచ్చేసింది. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గుడ్డ కింద నుంచి నీళ్లు వాటంతట అవే బొట్లు బొట్లుగా మోచేతుల దాకా కారాయి.

గుడ్డ విప్పి, నీళ్లతో సహా గిన్నెలో వేసేశాను. పిండి వేశాను. చాలకపోతే ఇంకో లోటా వేశాను. మొదటిసారి తెలియక వేశాను. ఈసారి కోరి వేశాను.

టీచరమ్మ ముక్కను వేలితో నొక్కి చూసింది. చాలాసేపు నన్ను చూసింది. ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసిన కళ్లు అవి, ఏం కనిపెట్టాయో నాకు తెలియదు. "మీ అక్క ఎప్పటి నుంచి వస్తుంది?" అని అడిగింది.

"సోమవారం నుంచి వస్తుందమ్మా."

ఒక ముక్క తీసుకుని వెనక గదికి పోయాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. మంచం కింద, గోడ వారగా, ఒక మూట కట్టి ఉంది. దుప్పటిలో చీరలు, పైన స్టీలు డబ్బా, బావ ఫోటో గుడ్డలో చుట్టి. అది ఎప్పటి నుంచి ఉందో నేను గమనించలేదు. వారం రోజులుగా ఆ గదిలో నేను తల ఎత్తలేదు కదా.

అక్క రొట్టె ముక్కను బొటనవేలితో నొక్కింది. మాట్లాడవచ్చని డాక్టరు ఆ పొద్దుననే చెప్పాడు. మూడు వారాల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట బొంగురుగా, ఇసుక మీద తట్ట ఈడ్చినట్టు వచ్చింది.

"పిండలేదా?"

"మర్చిపోయినా అక్కా."

"పోయిన వారం పిండినావే."

అక్క వంటింటి కిటికీ వైపు చూసింది. ఆ కిటికీకీ ఈ గదికీ మధ్య నాలుగడుగులు కూడా లేదు.

"నోరు మూసుకోమన్నారు కానీ చెవులు మూసుకోమన్లేదు కదే" అంది. "టీచరమ్మ నీతో అనిందంతా విన్నా. ఆ దినమే మూట కట్టుకున్నా. నీ మెడ నేను చూడలేదా? నువ్వు ఉండు, నేను యాడన్నా పోతా అని చెప్పాలనే చూస్తా ఉన్నా. మాట రావాల కదా."

తర్వాత ఆ రొట్టె తినింది. లోపల పచ్చిపిండి. ఒక్క నలుసు వదలకుండా, గొంతు పట్టుకుని మింగుతూ మొత్తం తినింది. తినవద్దన్నాను, వినలేదు. చెయ్యి కడుక్కుని మంచానికి ఆనుకుంది.

"ఆ మూట విప్పు" అంది. "నాకింకా వంగేదానికి కాదు."

విప్పాను. చీరలు దండెం మీద వేశాను, ఫోటో మేకుకు తగిలించాను. సోమవారం ఏడు గంటలకు అక్క వంటింట్లో ఉంది, నేను తట్ట ఎత్తుకున్నాను. మధ్యాహ్నానికల్లా మెడ పట్టేసింది.