ఉబ్బుపొట్ట గిటారు

గిటారు పిచ్చి పట్టిన మనిషితో ఒకే ఇంట్లో ఉండే రాత నా పగవాళ్ళకు కూడా వద్దు. అరవైల మొదట్లో మా అన్న గూడూరు స్టేషన్లో టికెట్లిచ్చే గుమస్తా. నేను టీచరు ట్రైనింగు చదువుతూ ఆయన క్వార్టర్సులోనే ఉండి ఇద్దరికీ వండేదాన్ని. ఆదివారం వస్తే చాలు, పక్క వరసలో ఉన్న ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు గారి వరండాలో అన్నా, అలాంటివాళ్ళే మరో ఇద్దరూ చేరేవాళ్ళు. పిలిచి పిలిచి నా గొంతు పోయేది కానీ అన్న కదిలేవాడు కాదు.

వాళ్ళను అక్కడ కట్టిపడేసింది డ్రైవరు గారి గిటారు. పరదేశంలో ఎవరో చేత్తో చేసింది. మామూలు గిటారుకు ముందు పలక చదునుగా, నడుమ గుండ్రటి రంధ్రంతో ఉంటుంది. దీనికి ముందూ వెనకా ఉబ్బి, ఫిడేలుకున్నట్టు రెండు పక్కలా మెలిక కన్నాలుండేవి. మొదటిసారి చూసినప్పుడు, "ఏంది, దీనికి నెలలు నిండినాయా?" అన్నాను. నలుగురూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చెప్పులతో గుళ్ళోకి పోయినా అంతలా చూడరు.

వాయించే సేపు కన్నా నిమిరే సేపే ఎక్కువ. వేలి కణుపుతో తట్టి వినేవాళ్ళు, అంచు దగ్గర చెంప ఆనించి వంపు చూసేవాళ్ళు. "మిషనుకు చేతనయితాదా ఇట్టాంటి పని?" అని ఒకరు, "ఆ చేతుల్ని కళ్ళకద్దుకోవాలబ్బా" అని ఇంకొకరు. నాకు నవ్వొచ్చేది. కానీ నిజం చెప్పొద్దూ, డ్రైవరు గారు ఒక్కసారి తీగలు మీటితే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆ మోతలో సాగదీత లేదు. ఒక్కో స్వరమూ గట్టిగా, విడివిడిగా మా గుమ్మం దాటి వీధి చివరకు పోయేది.

అన్నకు మాత్రం అది వట్టి ముచ్చట కాదు. మద్రాసులో సినిమా పాటల వాద్యబృందంలో చోటు కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. చివరకు అక్కడి పెద్దమనిషి ఒకాయన మాటిచ్చాడు. మాఘమాసంలో ఒక చోటు ఖాళీ అవుతుంది, పరీక్షకు రమ్మన్నాడు. అయితే అంతమంది ఫిడేళ్ళవాళ్ళ మధ్య, అందరికీ కలిపి పెట్టే ఒక్క మైకులో వినబడాలంటే ఉబ్బుపొట్ట గిటారే కావాలి, సొంతది తెచ్చుకోమన్నాడు. డ్రైవరు గారా, కుటుంబంతో ఆస్ట్రేలియా పోతూ తన గిటారు వెంట తీసుకుపోయేవాడాయె. అన్నకు తిండి సయించలేదు.

అప్పుడు దొరికాడు మేస్త్రి. వాకాడు దగ్గర కాలువ గట్టున పడవలు కట్టే ముసల్మాను వడ్రంగి. ఆయన కట్టిన పడవలోకి చుక్క నీరు దిగిందని అన్నవాడు లేడు. ఒక ఆదివారం వచ్చి, చేతులు కడుక్కుని, డ్రైవరు గారి గిటారు ఒళ్ళో పెట్టుకుని, కన్నంలోంచి వేళ్ళు దూర్చి అందినంత మేర తడిమాడు. "నడుమ మందం, అంచుకు పల్చన. పడవ కంటే సులువే నాయనా" అన్నాడు.

దసరాకు తెచ్చిచ్చాడు. వెనకా పక్కలూ పనస, ముందు ఏదో తెల్లటి తేలిక చెక్క. మోగింది కూడా! అన్న ఆయన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. కార్తీకంలో తుపాను పట్టింది. మూడో రోజుకల్లా గిటారు పొట్ట చదునైపోయి, తీగలు మెడకు అతుక్కుపోయి, మీటితే దబ్బుమని చప్పుడు. మేస్త్రికి కబురు పంపాం. ఆయన చూసి మొహం నల్లగా చేసుకున్నాడు.

ఆయన చేసిన తప్పు పడవలవాడే చెయ్యగలిగిన తప్పు. పలచటి పలకను నానబెట్టి, మంట మీద కాచి, పడవ పలకను వంచినట్టే వంచాడు. వాన తేమకు అది మళ్ళీ సాగిపోయింది. డ్రైవరు గారు మెల్లగా చెప్పాడు, తన గిటారు వంచింది కాదని, లావు దిమ్మెను తొలిచి తొలిచి ఆ రూపం తెచ్చారని.

"రెండంగుళాల దిమ్మెను పొట్టు చేసి పారేస్తారా! మా నాయన బతికుంటే నా చెయ్యి నరికేవాడు" అన్నాడు మేస్త్రి. మళ్ళీ డ్రైవరు గారి గిటారు తీసుకుని, ఉబ్బు మీద చెక్క గీతల వెంట గోరు పోనిచ్చాడు. వంచిన చెక్కలో గీత కూడా వంపుతో పాటు పోతుంది. ఇందులో గీతలు అంచుకొచ్చేసరికి తెగిపోయి ఉన్నాయి, తొలిచిన గుర్తు. "ఇంతకాలం చెక్కతోనే బతికి, ఇది కనపడలేదే నాకు! సిగ్గుగా ఉండాది అమ్మణ్ణీ" అన్నాడు, నా మొహం చూడకుండా.

దిమ్మె అన్న సంపాదించాడు. పరదేశం నుంచి ఏదో యంత్రం దిగిన పెట్టెకు అడుగున వేసిన తెల్ల చెక్క దూలం, గూడ్సు షెడ్డులో పడి ఉంటే అడిగి తెచ్చాడు. అలాంటిది ఇంకోటి లేదు. ఆదివారాలు అన్నతో పాటు నేనూ వాకాడు బస్సెక్కేదాన్ని, అన్నం క్యారియరు పట్టుకుని. నవ్వడానికే పోయానని ఒప్పుకుంటాను. పోయి నోరు తెరుచుకుని కూర్చున్నాను. బాడిసతో మొదలుపెట్టి, గుండ్రటి ఉలికి వచ్చి, చివరకు పగిలిన గాజు పెంకుతో గీకేవాడు. గీకడం, తట్టడం, చెవి పెట్టడం. మళ్ళీ గీకడం. కాగితమంత పొర లేచేది, మోత మారేది. నా చెవికే తెలిసేది!

"ఇంక చాలు మేస్త్రీ, చిల్లు పడతాది, నీకు దణ్ణం పెడతా" అని అన్న ఆయన చెయ్యి పట్టుకోబోయేవాడు.

"నోరు మూసుకోని కూర్చో. అది ఇంకా నిద్రపోతా ఉండాది."

ఒక మధ్యాహ్నం గాజు పెంకు పక్కన పెట్టేశాడు. ఎందుకు అప్పుడే ఆపాడో అడిగితే, "చెక్క ఇంక గీకమని అడగడంల్యా" అన్నాడు. అంత బాగా పని తెలిసిన మనిషిని నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

మాఘంలో అన్న గిటారుతో మద్రాసు రైలెక్కాడు. తిరిగొచ్చే రోజు నేను ప్లాట్‌ఫారం మీదకు పోయేసరికి మేస్త్రి అప్పటికే వచ్చి బెంచీ మీద ఉన్నాడు. రైలాగింది. అన్న దిగాడు, ఉత్త చేతులతో.

"గిటారేదీ?" అన్నాం ఇద్దరం.

"నీ గిటారు పాసయింది మేస్త్రీ. నేనే ఫెయిలయినా" అన్నాడు అన్న. "చోటు ఇంకో పిల్లోడికి వచ్చింది. గిటారు ఆ పిల్లోడికే ఇచ్చేసినా."

నాకు ఒళ్ళు మండింది. "బుద్ధుందా నీకు? చోటూ వాడికే, గిటారూ వాడికేనా? ఈయన నెలల తరబడి కళ్ళు పోగొట్టుకున్నది వాడి కోసమా?" అని నలుగురూ చూస్తున్నా అరిచాను.

అన్న నాకు కాదు, మేస్త్రికి జవాబు చెప్పాడు. "వాడు ఒక్కసారి ఇమ్మని వాయించినాడు మేస్త్రీ. ఇన్ని దినాలు నా ఒళ్ళోనే ఉన్నింది, దాంట్లో అంత ఉండాదని నాకు తెలీలేదు. విన్నాక మళ్ళా వెనక్కి ఎట్ట తెచ్చేది?"

మేస్త్రి కోప్పడతాడనుకున్నాను. ఆయన అన్నను పక్కన కూర్చోబెట్టుకుని, "వాడి చేతిలో ఎట్ట పలికింది?" అని అడిగాడు. అన్న చెప్పబోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చెప్పు నాయనా, నిదానంగానే చెప్పు" అన్నాడు మేస్త్రి. "నా బస్సుకు ఇంకా చానా టైముండాది."