కూలర్ వెయ్యని ఏప్రిల్

ఆ ఏప్రిల్లో మేం కూలర్ వెయ్యలేదు. దిల్లీలో, ఓల్డ్ రాజిందర్ నగర్లో మూడో అంతస్తు గది మాది. నెత్తి మీద డాబా, పడమటి వైపు కిటికీ. మధ్యాహ్నమైతే గోడ మీద చెయ్యి పెట్టలేం. కిటికీ బయట ఇనప స్టాండు మీద పెద్ద కూలర్ ఉంది, స్విచ్ నా మంచం పక్కనే ఉంది, అయినా వెయ్యలేదు. చలికాలమంతా ఖాళీగా పడున్న ఆ డబ్బాలోకి, ఊడిపోయిన గడ్డితెర సందులోంచి ఒక పావురాల జంట దూరింది. ఎండిన నీళ్ల తొట్టిలో నాలుగు పుల్లలు పడేసి, అదే గూడనుకుని గుడ్లు పెట్టేసింది. మేం చూసేసరికి గుడ్లు కాస్తా రెండు పిల్లలయ్యాయి. స్విచ్ నొక్కితే ఫ్యాను రెక్కలు వాటికి జానెడు దూరంలో గిర్రున తిరుగుతాయి. ఆ ఊహకే నాకు ఒళ్లు జలదరించేది.

మేం అంటే నేనూ, గదిలో నాతో ఉండే అక్కా. సొంత అక్క కాదు, కరీంనగర్ వైపు మనిషి. గుర్‌గావ్‌లో బంగారం లాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి సివిల్స్‌కి చదువుతోంది. రాజీనామా ఇచ్చిన రోజు సాయంత్రం గోల్‌గప్పాలు తిని వచ్చి హాయిగా పడుకుందట. అలాంటి గుండె నాకు దేవుడు ఇవ్వలేదు. నేను రోడ్డు దాటాలన్నా పక్కన ఇంకెవరైనా దాటుతున్నారా అని చూసే రకం. ఆ ఏడు అక్కకి మెయిన్స్ పోయింది, నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాకదే ఆఖరి అవకాశం. అది కూడా పోతే పరీక్ష రాసే వయసు దాటిపోతుంది, పెట్టె సర్దుకుని ఉప్పు మడుల దగ్గరికి పోవడమే.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. నాన్న ఉప్పు పండిస్తాడు. డిగ్రీ దాకా నా చదువంతా తెలుగులోనే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయమంటే మెల్లిగా రాస్తాను. మాట్లాడమంటే మాత్రం ఒక్క ముక్కా బయటికి రాదు. అంతకు ముందు ఏడాది కూడా ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. అందరూ చేసినట్టే వచ్చే ప్రశ్నలన్నీ ఊహించుకుని, జవాబులన్నీ ఇంగ్లీషులో బట్టీ కొట్టి వెళ్లాను. లోపల ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, మీ ఊళ్లో జనం ఏం చేసుకుని బతుకుతారమ్మా అని అడిగారు. నా బట్టీలో ఆ ప్రశ్న లేదు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. తొందరేం లేదన్నారాయన. ఆ మంచితనంతో నోరు ఇంకా బిగుసుకుపోయింది. గోడ గడియారం చప్పుడు వింటూ కూర్చున్నాను. మా ఊరి గురించి చెప్పలేక నేను ఫెయిలయ్యాను.

అందుకని ఈసారి ఇంటర్వ్యూ తెలుగులో ఇస్తానని ముందే అడిగాను. అలా అడగొచ్చు. పక్కన ఒక దుబాసీని కూర్చోబెడతారు. మనం తెలుగులో చెబితే ఆయన బోర్డుకి ఇంగ్లీషులో చెబుతాడు. కానీ మా గల్లీలో అందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. కాగితం మీద తెలుగు అని పెట్టుకో, లోపలికి వెళ్లాక ఛైర్మన్ గారే ఇంగ్లీషులో మాట్లాడగలరా అని అడుగుతారు, అప్పుడు ఔనని ఇంగ్లీషులోకి దిగు, బోర్డు ముచ్చటపడుతుంది. కోచింగ్ సారు చెప్పిందీ ఇదే, టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతి తెలుగువాడూ చెప్పిందీ ఇదే.

"నువ్వు తెలుగుల చెప్పినవనుకో," అంది అక్క ఓ రోజు తడి చున్నీ మెడకి చుట్టుకుంటూ, "ఆయనెవరో సగం మింగి సగం చెప్తే ఏం జేస్తవే? నీ నౌకరీ గాయన నోట్ల పెట్టి కూసుంటవా?"

"ఇంగ్లీషైతే నా నోట్లోంచే రాదు కదక్కా."

"గందుకే ప్రాక్టీస్ జెయ్యమంటున్న. లే, మళ్ల మొదటి నుంచి."

మళ్లీ మొదటి నుంచి. అక్క కుర్చీలో కూర్చుని బోర్డు అయ్యేది. నేను మంచం అంచున కూర్చుని చెమటలు కక్కుతూ జవాబులు అప్పజెప్పేదాన్ని. కూలర్లోంచి కువకువలు. తలుపు తీసి ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రి అనుకునేవారు.

పావురం పిల్లలంత అనాకారి పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. పచ్చటి నూగు, ముఖానికి మించిన ముక్కు. ఇంటర్వ్యూ తేదీ దగ్గరపడే కొద్దీ వాటికి ఈకలొచ్చాయి. పెద్దది గడ్డితెర సందు అంచు మీదికెక్కి రెక్కలు టపటపలాడించేది. ఎదురుగా, గల్లీకి అడ్డంగా ఉండలు చుట్టుకుపోయిన కరెంటు తీగల మీద తల్లీ తండ్రీ కూర్చుని చూసేవి. మేత తేవడం తగ్గించేశాయి. ఒకరోజు ఆ పెద్దది దూకేసింది. ఎగరడం అని చెప్పలేను. కింద పడబోయి, పడక, ఎదురింటి బాల్కనీ కమ్మీలకి కొట్టుకుని, ఏసీ పెట్టె మీద వాలి, అక్కడే గుడ్లు మిటకరిస్తూ కూర్చుంది. నేను మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని కేక పెట్టేశాను. కింద మోమోల బండివాడు తలెత్తి చూశాడు.

చిన్నది మిగిలింది. అది తొట్టి మూల నక్కి కూర్చునేది. అంచుదాకా వచ్చేది, కిందికి చూసేది, మళ్లీ మూలకి. ఆకాశంలో గద్దలు తిరుగుతూ ఉండేవి, దిల్లీలో వాటికి కొదవా? ఒకటి మరీ కిందికొచ్చి మా డాబా మీదుగా నీడలా పోయేసరికి పిల్ల కొయ్యబారిపోయింది. దాన్ని చూస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టే ఉండేది. అది నాకేం నచ్చలేదు, చిరాకు పుట్టేది. అయినా కళ్లు అటే పోయేవి.

ఎండకి చచ్చిపోతుందేమోనని భయమేసి, ఫ్యాను రెక్కల సందులోంచి నూకలు వేశాను. చిన్న మూతలో నీళ్లు పెట్టాను. అది ఆబగా తింది. మర్నాడూ వేశాను, ఆ మర్నాడూ. నేను కిటికీ దగ్గరికి రాగానే నోరు తెరిచేది. తీగ మీద తల్లి ఎంత పిలిచినా తల తిప్పేది కాదు. నాకు లోపల్లోపల గొప్ప తృప్తిగా ఉండేది, ఒక ప్రాణాన్ని కాపాడుతున్నాననుకుని.

కింది అంతస్తులో ఉండే పంజాబీ ఆంటీ మా ఇంటి ఓనరు. రోజూ పొద్దున్నే డాబా మీద పావురాలకి గింజలు చల్లడం ఆమెకి పూజతో సమానం. అలాంటి మనిషి నేను నూకలు వెయ్యడం చూసి కసురుకుంది.

"అరే బేటా, ఇస్‌కో దానా మత్ దే. పేట్ భరా రహేగా తో ఉడేగా క్యోఁ?"

దానికి గింజలెయ్యకు, కూర్చున్న చోట కడుపు నిండుతుంటే అదెందుకు ఎగురుతుంది అని. నాకు ఒళ్లు మండింది. పడితే చచ్చిపోతుంది కదా ఆంటీ అన్నాను. ఆంటీ భుజాలెగరేసి మెట్లు దిగిపోయింది. ఆ పూట కోపంతోనే ఇంకో గుప్పెడు వేశాను. సాయంత్రం అక్క ఎదుట కూర్చుని ఇంగ్లీషు జవాబు అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయాను. నేను చెబుతున్న వాక్యం నాది కాదు. అక్క రాసిచ్చింది, నా నోట్లో పెట్టింది. అది ఉన్నంతసేపూ బాగుంటుంది. అది అయిపోయాక నేనేం చేస్తాను? ఆ ఆలోచన రాగానే పోయినేటి గడియారం చప్పుడు చెవుల్లోకి వచ్చేసింది.

మర్నాటి నుంచి నూకలు వెయ్యలేదు. అది ఎంత ఏడ్చిందో! పావురం పిల్ల ఏడుపు గట్టిగా ఉండదు, సన్నగా, ఆపకుండా ఉంటుంది. దుప్పటి తలమీదికి లాక్కుని చదువుకున్నాను, ఆ ఎండలో. దాన్ని చంపుతున్నానా అని భయం. వేస్తే ఎప్పటికీ అక్కడే ఉండిపోతుందని భయం.

"ఒక్కసారి నూకేద్దామే," అంది అక్క. "ఎగిరితే ఎగురుతది."

"నెట్టొద్దక్కా! దాన్ని ముట్టుకున్నావంటే నేను ఊరుకోను." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అక్క నా వంక వింతగా చూసి పుస్తకం తెరిచింది.

ఆ వారంలోనే నాన్న ఫోన్ చేశాడు.

"ఏటి తల్లీ, గొంతలగుంది?"

"ఎండ నాన్నా."

"అక్కడ నిన్నేటడుగుతారేటి?"

"మన ఊరి గురించి, నీ గురించి."

నాన్న నవ్వాడు. "నా గురించేటుందమ్మా అడగడానికి? అకాలం వాన పడి మొన్న ఉప్పంతా కరిగిపోనాది. వరి మునిగితే నష్టం రాసుకోడానికొస్తారు. ఉప్పుకెవుడొస్తాడు? మళ్లీ మడి తొక్కుతన్నాం." అని, నేను భయపడతానేమోనని వెంటనే మాట మార్చి, అన్నం తిన్నావా అని అడిగాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కరోల్ బాగ్‌లో మాక్ ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చేసరికి కూలర్ ఖాళీగా ఉంది. తొట్టిలో రెట్టలు, రెండు ఈకలు. అక్క నిద్రపోతోంది. తట్టి లేపాను.

"ఎగిరిపోయింది గావచ్చు."

"చూశావా?"

"నేను పన్న గదనే. మరి యాడికి పోతది?"

పరుగెత్తి కిందికి దిగాను. బైకుల కింద చూశాను, మురిక్కాలవలో చూశాను, మోమోల బండి చక్రాల వెనక చూశాను. ఎక్కడా లేదు. ఎదురింటి ఏసీ పెట్టె మీద లేదు. తీగల మీద పావురాలు బారులు తీరి ఉన్నాయి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పైన గద్ద ఒకటి నింపాదిగా తిరుగుతోంది. ఎగిరిందో, దాని నోట పడిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆంటీ మాత్రం ఎగిరిందనే అంది, చూసినట్టే చెప్పింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ పిల్లకి ఎవరూ ముందుగా ఏ భరోసా ఇవ్వలేదు. నేను మాత్రం భరోసా దొరికేదాకా కదలనని కూర్చున్నాను.

ఇంటర్వ్యూ రోజున అక్క నా చీర కుచ్చిళ్లు సర్ది, గేటు దాకా వచ్చింది. "ఇంగ్లీషు. యాదుంచుకో," అంది. సరేనన్నాను. నిజంగానే సరేననుకున్నాను. ధైర్యం వచ్చేసిందని ఎవరికైనా చెబితే అది అబద్ధం. లోపల వంతు కోసం కూర్చున్నప్పుడు మంచినీళ్ల గ్లాసు ఎత్తితే పళ్లకి తగిలి టకటకమంది.

లోపలికి పిలిచారు. నా పక్కన నెరిసిన జుట్టుతో దుబాసీ గారు కూర్చున్నారు. ఛైర్మన్ గారు నవ్వుతూ, ఇంగ్లీషులో సౌకర్యంగానే ఉంటుంది కదా, అలాగే కానిద్దామా అని అడిగారు. ఔను సార్ అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"లేదండీ. తెలుగులోనే చెబుతాను," అన్నాను.

అనేశాక కింద నేల లేనట్టే అనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ప్రశ్నలు వచ్చాయి, చెప్పాను, దుబాసీ గారు ఇంగ్లీషులో చెప్పారు. కొంతసేపటికి ఒక మేడమ్, మీ నాన్నగారి పని గురించి చెప్పండి, అందులో ప్రభుత్వం చెయ్యాల్సింది ఏముంది అని అడిగారు. చెప్పాను. మడి ఎలా తొక్కుతారో, ఎన్నాళ్లు ఎండాలో, ఒక్క అకాలం వానకి అంతా ఎలా కరిగిపోతుందో చెప్పాను. వరి మునిగితే నష్టం లెక్క రాసేవాళ్లు ఉప్పు కరిగితే ఎందుకు రారని అడిగాను. ఉప్పుని పంటగా చూడకపోవడమే దానికి కారణమన్నాను. జీవితంలో మొదటిసారి ఒక గదిలో నా మాటలు నాకే బాగున్నాయి.

దుబాసీ గారు దగ్గి, అంతా కలిపి రెండే ముక్కల్లో చెప్పారు. ఈమె తండ్రి పేద కూలీ అనీ, ఆయనకి సాయం కావాలని ఈమె కోరుతోందనీ చెప్పారు. చెడ్డ ఉద్దేశమేం లేదు, పాపం నా మీద జాలితోనే అలా చెప్పినట్టున్నారు. బోర్డులో అందరి ముఖాల్లోకీ అదే జాలి వచ్చింది.

అక్క అన్నదే జరిగింది. వదిలేస్తే ఆ జాలికి నాలుగు మార్కులు ఎక్కువే పడేవేమో. దుబాసీని కాదంటే పొగరనుకుంటారేమో. నోరు తెరిస్తే పోయినేటిలా గాలే వస్తుందేమో. ఇవన్నీ ఒక్కసారే తోచాయి. తోస్తుండగానే నా నోటి వెంట ఇంగ్లీషు వచ్చేసింది. కాదు సార్, నేనలా అనలేదు. మా నాన్న సాయం అడగలేదు. ఆయన పండించేది పంట అని ఒప్పుకోమంటున్నాను. తప్పుల తడక ఇంగ్లీషు. ఒక్క వాక్యం కూడా ఎవరూ రాసిచ్చింది కాదు.

ఛైర్మన్ గారు కళ్లజోడు తీశారు. ఇంగ్లీషు వచ్చు కదా, మరి తెలుగు ఎందుకన్నావమ్మా అని అడిగారు.

"ఇంగ్లీషంటే భయం సార్," అన్నాను తెలుగులో. "మా నాన్న గురించి భయపడుతూ చెప్పడం ఇష్టం లేదు."

దుబాసీ గారు ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత ఆ రెండు వాక్యాలనీ ఒక్క మాట కూడా వదలకుండా బోర్డుకి చెప్పారు. ఛైర్మన్ గారు ఏదో రాసుకున్నారు. అది మంచో చెడో ముఖం చూసి కనిపెట్టలేకపోయాను. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాను. ఫలితాలు వచ్చేదాకా అన్నం సహించలేదు.

ఉద్యోగం వచ్చింది, జాబితా చివర్లో. ఇప్పుడు ఇదే దిల్లీలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగుల్లో నేను ఎదురు మాట్లాడతానని, నాకు భయమనేదే లేదని కింద పనిచేసేవాళ్లు అనుకుంటారు. మాట్లాడే ముందు ప్రతిసారీ బల్ల కింద నా అరచేతులు తడిసిపోతాయి. చీర కొంగుకి తుడుచుకుని మాట్లాడతాను.