మా అమ్మ మీద ఏడ్చిన ఏడుపు

చనిపోయిన మనిషి గురించి చెడుగా రాయకూడదని మా ఆయన ఇప్పటికే రెండుసార్లు చెప్పాడు. రాస్తాను. ఆ పోయిన మనిషి బతికుండగా ఎవరూ ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. ఇప్పుడైనా అనకపోతే నాకు తిన్నది అరగదు.

వరంగల్ చుట్టుపక్కల జానపదం పాడే ఎవరికైనా ఆయన 'అన్న'. అన్న ఏనాడూ ఒక్క పాట పాడలేదు, ఒక్క డప్పు కొట్టలేదు. ఆయన పని పాడేవాళ్లను పంపడం. లీడర్ల సభకు, పెళ్లి బరాత్‌కు, మేడారం జాతర దారిలో వేసే స్టేజీలకు, చివరికి చావు దినాలకు కూడా ఎవరు పాడాలో హన్మకొండలో మొబైల్ షాపు మీది గదిలో కూర్చుని ఆయనే తేల్చేవాడు. పొద్దున ఒక పార్టీకి జై కొట్టిన గుంపునే, కండువాలు మార్చి సాయంత్రం ఇంకో పార్టీకి పంపేవాడు. రెండు పార్టీల లీడర్లూ ఆయన భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగేవాళ్లు.

ఒకామె ఆయనకు చెప్పకుండా హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో పాడటానికి ఒప్పుకుంది. ఆ రోజు డప్పు కొట్టేవాళ్లందరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. మైకులు తెచ్చే బండి దారిలో ఆగిపోయింది. ఆమె ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. అది చూశాక మేమంతా ఆయన ఫోన్ మొదటి రింగుకే ఎత్తడం నేర్చుకున్నాం.

మాది నర్సంపేట దగ్గర పల్లె. అక్కడే మా అమ్మ పోయింది. మా దగ్గర చావుకి ఏడవడమంటే ఊరికే కన్నీళ్లు కార్చడం కాదు. పోయినవాళ్లతో మాట్లాడుతూ, వాళ్లు పెట్టినవీ తిట్టినవీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తాం. ముందే కట్టుకున్న మాటలుండవు, ఆ పూట నోటికి వచ్చినవే. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. పత్తి ఏరి ఏరి పగిలిన వేళ్లతో ఆమె నా తల దువ్వేది. పగుళ్లలో వెంట్రుకలు చిక్కుకుంటే నన్నే తిట్టేది. అలాంటివేవో అన్నాను. అన్న దండ పట్టుకుని వచ్చాడు. దండ వేసి, పక్కకు జరిగి, ఫోన్ తీశాడు. ఎవరికో ఫోన్ చేసుకుంటున్నాడనుకున్నాను. నన్ను రికార్డు చేస్తున్నాడు.

నెల తిరక్కుండా గదికి పిలిచాడు.

"చెల్లె, నువ్వు ఏడ్సింది మస్తుగున్నది. దినాలల్ల గట్ల పాడెటోళ్లు లేరిప్పుడు. జర సాఫ్ జేసుకుందాం."

"అది మా అమ్మ మీద ఏడ్సింది అన్నా."

"అమ్మ ఎవ్వలకైనా అమ్మనే గద."

కీబోర్డు వాయించే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నా ఏడుపులోంచి తిట్లు తీసేశాడు, పత్తి తీసేశాడు, వెంట్రుకలు తీసేశాడు. "గివి అందరికి సెట్ గావు" అన్నాడు. 'అమ్మా' అన్నచోట ఖాళీ ఉంచాడు. ఎవరు పోతే అక్కడ వాళ్ల పేరు. పాట కుదిరాక, ఫోన్‌లో జాగా లేదంటూ నా ముందే ఆ రికార్డు తుడిచేశాడు. నేను తలూపాను. ఎందుకంటే నాకు బట్టల షాపు గుర్తుంది. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆరేళ్లు పాడాను. రైస్ మిల్లు సేటుకి, సర్పంచి తండ్రికి, నేను మొహం కూడా చూడని ముసలమ్మలకు. యూట్యూబులో పెట్టి, పాట కింద 'సేకరణ' అని తన పేరు వేసుకున్నాడు. మా అమ్మ శవం పక్కన నిలబడి సేకరించాడట.

మొన్నీమధ్య గుండె ఆగి అన్న పోయాడు. హన్మకొండ చౌరస్తా నిండా 'కళామతల్లి ముద్దుబిడ్డ' అని ఫ్లెక్సీలు. ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ అన్నకు గా పాటంటే పానం బిడ్డా. దినాలకు నువ్వే పాడాలె."

వెళ్లాను. ఆయన కోసం కాదు, నాది నేను తెచ్చుకోవడానికి వెళ్లాను. ఆయన ఫోటో ముందే నిలబడి, తిట్లూ పత్తీ వెంట్రుకలూ అన్నీ పెట్టి, మా అమ్మ ఏడుపు మా అమ్మకే ఏడవాలని, మళ్లీ ఎవరికీ పాడకూడదని అనుకున్నాను.

మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో, భోజనాలకు ముందు కీబోర్డు మొదలైంది. "అమ్మా" అన్నాను. జనం తలలెత్తారు. ఆ తర్వాత మాట రాలేదు. వెంట్రుకలు చిక్కుకున్నాయని తెలుసు, తిట్టేదని తెలుసు. కానీ ఆ రోజు దాన్ని ఏమని పాడానో, దేని తర్వాత ఏది వచ్చిందో నా దగ్గర లేదు. ఆరేళ్లు వాటిని వదిలేసి పాడి పాడి పోగొట్టుకున్నాను. కీబోర్డాయన నేను తడబడ్డాననుకుని అదే ముక్క మళ్లీ వాయించాడు. నా నోరు అలవాటైన దారిలోనే పోయింది. ఖాళీలో ఆయన పేరు పెట్టి, ఒక్క తప్పు లేకుండా పాడాను. పాడుతూ వెక్కి వెక్కి ఏడ్చాను.

స్టేజీ దిగగానే అన్న భార్య నన్ను పట్టుకుంది. "మీ అన్న కోసం నీ లెక్క ఎవ్వలు ఏడ్వలే బిడ్డా."

"అన్న కోసం కాదు వదినా. మా అమ్మ కోసం ఏడ్సిన."

"ఔ బిడ్డా" అని ఆమె తన కొంగుతో నా కళ్లు తుడిచింది. "మీ అన్న మీ అందరిని తల్లి లెక్కనే సూసుకున్నడు."