పైకప్పు లేని మరుగు

మా అక్క మెట్టినింట్లో స్నానాల గదికి పైకప్పు లేదు. దాన్ని గది అనడం కూడా ఎక్కువే. పెరట్లో నాలుగు వైపులా మనిషెత్తు దాటిన నాపబండలు నిలబెట్టి, మధ్యలో ఇంకో బండ పరిచి, నీళ్లు పోవడానికి చిన్న కాలువ తీశారు. మరుగు అనేవాళ్లు దాన్ని. బేతంచెర్ల చుట్టుపక్కల రాయికి కొదవ లేదు కాబట్టి గోడలు గట్టివే. బయటివాళ్లకు లోపల ఏమీ కనపడదు. పైన మాత్రం ఎవరూ ఏమీ కప్పలేదు. ఎండ పడితే బండ ఆరుతుంది, పాచి పట్టదు. అయినా పైనుంచి చూసేదెవరు, కాకులు తప్ప? కాకులను చూసి సిగ్గుపడే తీరిక మా ఆడవాళ్లకు లేదు.

మిద్దెల విషయంలో మాత్రం ఒక పద్ధతి ఉండేది. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ మిద్దెలే. మిరపకాయలో, వేరుశనక్కాయలో ఆరబోయడానికి ఎవరో ఒకరు పైకెక్కుతూనే ఉంటారు. ఎక్కితే చుట్టుపక్కల పెరళ్లన్నీ కనపడతాయి. అందుకని మగవాళ్లు నిచ్చెన మీద కాలు పెట్టే ముందు "మిద్దెక్కుతాండామమ్మో!" అని కేకేయాలి. మరుగులో ఎవరైనా ఉంటే "ఉండప్పా, నీళ్లు పోసుకుంటాండా" అని లోపల్నుంచి జవాబొస్తుంది. ఆయన నిచ్చెన దగ్గరే నిలబడతాడు. నెత్తి మాడుతున్నా నిలబడతాడు. విసుక్కున్న మనిషిని నేను చూడలేదు. ఆ కేక ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఆ ఊరి మర్యాదంతా అందులోనే ఉందని నాకు అనిపించేది.

అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. కర్నూలు ఆసుపత్రిలో ఎడమవైపు పూర్తిగా తీసేశారు. నేను టీచరుగా పనిచేసే బడికి సెలవు పెట్టి ఆమె దగ్గర ఉండిపోయాను. కట్టు విప్పేసిన తర్వాత ఆ చోటును ఎవరికీ చూపించలేదు. బావకు చూపించలేదు, తోడబుట్టిన నాకూ చూపించలేదు. అలమరా అద్దానికి పాత తువ్వాలు వేలాడదీసింది. చీర మార్చుకోవాలంటే తలుపు గడియ పెట్టుకునేది.

మరుగులో మాత్రం భయం లేదు ఆమెకు. నేను వేన్నీళ్లు లోపల పెట్టి బయట బండ మీద కూర్చునేదాన్ని. కాసేపటికి చెంబు చప్పుడు ఆగిపోయేది. ఎండకు కూర్చుందని నాకు అర్థమయ్యేది.

"ఈడ ఎండ తగిల్తే శానా హాయిగా ఉంటాదే" అంది ఒకరోజు లోపల్నుంచి. ఆపరేషన్ అయ్యాక ఆమె నోట హాయి అన్న మాట వినడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నయం, మధ్యలో గోడ ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే వచ్చింది అది. ముందు తేనెటీగలు లేచాయనుకున్నాను. తలెత్తితే నల్లగా, నాలుగు రెక్కల డ్రోన్. ఇంటి వెనక రాతిగని వైపునుంచి వచ్చి, మా పెరటి మీద కాసేపు కదలకుండా నిలబడింది. నేను "పో! పో!" అని చేతులూపాను, కోతిని తోలినట్టు. లోపల చెంబు బండ మీద పడి దొర్లిన చప్పుడు. అక్క తడిచీర చుట్టబెట్టుకుని, తలలో సీకాయ అట్లాగే ఉండగా పరుగెత్తుకుంటూ ఇంట్లోకి పోయింది.

బావ, నేను గని దగ్గరికి పోయాం. ఎంత రాయి తవ్వారో పైనుంచి కొలవడానికి గనివాళ్లే దాన్ని తెప్పించారట. డ్రోన్ నడిపే ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు.

"మేము రాళ్లే చూస్తామమ్మా. మలుపుకోసం మీ ఇంటి మీదికి వచ్చింటాది."

బావ కుర్చీలో కూర్చోలేదు. "మా ఊర్లో మిద్దెక్కాలంటేనే కేకేస్తారప్పా. నువ్వు కేకేసినావా?" అన్నాడు.

 డ్రోన్ ఆయన అనుమానం తీరుస్తానని చేతిలోని తెర మా వైపు తిప్పాడు. అగ్గిపెట్టెంత ఇల్లు, దాని పక్కన బండల చదరం, చదరంలో ఒక చిన్న మరక. "చూడండి, ఏం కనపడదు. కావాలంటే పెద్దది చేసి చూపిస్తా" అని రెండు వేళ్లు తెర మీద పెట్టాడు.

"వద్దు!" అని అరిచాను. పక్కనే బావ ఉన్నాడు, గని కూలీలు నలుగురు తొంగి చూస్తున్నారు. కనపడదని తేల్చుకోవాలంటే అందరం చూడాలి. ఆయన మా ముందే చెరిపేశాడు. చెరిగిందని ఆయనే చెప్పాడు, మేము నమ్మాం. నమ్మక ఏం చేస్తాం?

నా కోపం చల్లారలేదు. పోలీస్ స్టేషన్‌కు పోతే వీడియో తెమ్మన్నారు. రెవెన్యూ ఆఫీసులో ఒకాయన మర్యాదగానే చెప్పాడు: "మీ స్థలానికి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు ఉండాయమ్మా. పైకి ఎంతవరకు మీదో మా కాడ రాసిండదు." తరతరాలుగా గట్టు జరిగితే తలలు పగలగొట్టుకున్న సీమ మాది. పైకి కూడా ఒక హద్దు ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇంటికొచ్చి ఫిర్యాదు రాద్దామన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమని రాస్తావే? నాకు ఏం లేదో అది రాస్తావా? ఆ బొమ్మ ఇంకా యాడన్నా ఉంటే అది పట్టుకోని నన్ను ఆఫీసులెంబడి తిప్పుతారా?"

నేను కాగితం మడిచేశాను.

మరుసటి వారం బావ మరుగు మీద రేకులు వేయించాడు. పాపం, ఆయనకు చేతనైంది అదే. లోపల పగలే చీకటి. బండ ఆరడం మానేసింది. అక్క గబగబా రెండు చెంబులు పోసుకుని వచ్చేసేది. ఎండకు పెరట్లో కూర్చోమంటే, రవికె మీద చీర, చీర మీద దుప్పటి కప్పుకుని, మాటిమాటికీ తలెత్తి చూసేది. పొలంలో మందు కొట్టే మిషన్ చప్పుడు విన్నా లేచి లోపలికి పోయేది. డ్రోన్ మళ్లీ రాలేదు. రాకపోయినా ఏం లాభం, ఆకాశం ఆమెకు మళ్లీ ఖాళీగా కనపడలేదు.

జబ్బు తిరగబెట్టింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి అక్క పోయింది.

చివరి స్నానానికి పెరట్లోనే బండ కడిగారు. ఆడవాళ్లు నాలుగు వైపులా చీరలు పట్టారు. పసుపు నలిపిన ఒకామె చెయ్యి అక్క రవికె దగ్గరికి పోతుంటే నేను ఆపి, ఇంట్లోకి పోయి అక్క పట్టుచీర తెచ్చాను. "పైన కూడా పట్టండి" అన్నాను.

"పైన ఎవురుండారు పాపా?" అంది అక్క అత్త. ఆమెకు ఏడుపులో డ్రోన్ సంగతి గుర్తులేదు. గుర్తొచ్చాక ఒక కొస తనే పట్టుకుంది. ఆ చీర నీడలో నేను మొదటిసారి ఆ మచ్చను చూశాను. చంక దాకా పోయిన ఒక గీత, అంతే. ఇంత చిన్నదాన్ని ఎంత కష్టపడి దాచింది!

అప్పుడే పక్కింటి పెద్దాయన షామియానా తాడు కట్టడానికి నిచ్చెన దగ్గరికి వచ్చినట్టున్నాడు. చావింట్లో కూడా అలవాటు తప్పకుండా కేకేశాడు.

"మిద్దెక్కుతాండామమ్మో!"

ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. జవాబు చెప్పాల్సిన మనిషి నా చేతుల్లో ఉంది.

"ఉండప్పా," అన్నాను, "అక్క నీళ్లు పోసుకుంటాంది."

మేము చీర కట్టి, బొట్టు పెట్టి, మళ్లీ పిలిచేదాకా ఆయన ఆ ఎండలో నిచ్చెన దగ్గరే నిలబడ్డాడు.