బీరువా అడ్డం వచ్చిన పాటలు

మొన్న పుంగనూరులో మా పెదనాన్న ఇంటికి ఇంటర్నెట్టు లైను మార్చడానికి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, పని తెలిసినవాడు. వెనక గదిలో డబ్బా బిగించి, ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, నడిమి గదిలో ఉన్న ఇనుప బీరువా ముందు ఆగాడు. దాని అద్దంలో తన మీసం ఒకసారి చూసుకుని, "ఈ బీరువా అడ్డం ఉండాదప్పా. రెండడుగులు జరిపితే హాల్లోకి సిగ్నల్ ఫుల్లుగా వస్తాది," అన్నాడు. వద్దన్నాను నేను. అదే క్షణంలో వంటింట్లోంచి మా పెద్దమ్మ కూడా వద్దంది. రెండు వద్దులూ ఒకేసారి పడేసరికి ఆయన బీరువా వైపు ఇంకోరకంగా చూశాడు. లోపల పాత చీరలు, కలరా ఉండలు, మా పెదనాన్న ఒక్కసారి కూడా తొడగని సూటు తప్ప ఏమీ లేవు. సిగ్నల్ సరిగ్గా రాకూడదని కోరుకునే ఇల్లు ఆయన సర్వీసులో ఇదే మొదటిదై ఉంటుంది. ఆయనకు చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ చెబుతాను. ఆయన టీ తాగి మదనపల్లె బస్సు ఎక్కేశాడు, మీరేమో తీరిగ్గా ఉన్నట్టున్నారు.

మా పెదనాన్నకు పుంగనూరు బస్టాండు ఎదురుగా క్యాసెట్ల రికార్డింగు అంగడి ఉండేది. పేరు పాటల పెట్టె. మాది మదనపల్లె అయినా నా ఎండాకాలం సెలవులన్నీ ఆ అంగట్లో చెక్క స్టూలు మీదే గడిచాయి. చౌడేపల్లె వైపు నుంచి డెయిరీకి పాలు పోసి వచ్చినవాళ్ళు, పెళ్ళి కుదిరినవాళ్ళు, పెళ్ళి తప్పిపోయినవాళ్ళు కాగితం మీద పాటల పేర్లు రాసుకుని వచ్చేవాళ్ళు. పెదనాన్న ఆ కాగితం వెనక పెన్సిలుతో ఒక్కో పాట ఎన్ని నిమిషాలో వేసుకుని, క్యాసెట్టు ఒక వైపు అయిపోయే చోటికి పాట కూడా అయిపోయేలా వరస మార్చేవాడు. ఎంత సర్దినా చివరి పాట తోక కాస్త బయట మిగిలిపోతే ఆ వైపు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించేవాడు. బయట బస్సు హారను కొడుతున్నా, క్యాసెట్టు తాలూకు మనిషి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా ఆయనకు పట్టేది కాదు. "పాటను సగంలో కోస్తే వినేవోని పానం ఆడ్నే ఏలాడతాదిరా," అనేవాడు నాతో. ఎనిమిదేళ్ళవాడికి ఇంతకంటే భయంకరమైన మాట ఇంకోటి ఉండదు. చాలాకాలం నేను పాట మధ్యలో కరెంటు పోతే ఎవరో చచ్చిపోతారనుకున్నాను.

ప్రతి క్యాసెట్టు మొదట్లో ఆయన గొంతు ఉండేది. అంగడి పక్కన రేడియోలు బాగుచేసే ఆయన ఒకరుండేవారు, పెదనాన్నకు ప్రాణస్నేహితుడు, నాకు మామూ. ఆయనెక్కడో పాత సామాను అంగట్లో దొరికిన విడిభాగాలతో ఒక ఎకో పెట్టె తయారుచేసిచ్చాడు. అందులోకి పెదనాన్న గంభీరంగా, "పాటల పెట్టె... బస్టాండు ఎదురుగా... పుంగనూరు... నూరు... నూరు..." అనేవాడు. ఆ ఎకోలో మా ఊరు ఏ కొండలోయల మధ్యో ఉన్న మహానగరంలా వినిపించేది. అసలు పుంగనూరులో బస్సు హారన్లు తప్ప ఇంకేమీ మారుమోగవు. తర్వాత మెమరీ కార్డులొచ్చాయి, ఫోన్లొచ్చాయి, అంగడి మూతపడింది. అంగట్లోని పెద్ద స్టీరియో, నా భుజం ఎత్తు ఉండే రెండు స్పీకర్లు ఇంటి హాల్లోకి వచ్చాయి. పెద్దమ్మ వాటికి లేసు గుడ్డలు అల్లి కప్పింది. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు అవి అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత పోయినేడు ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పెదనాన్న పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కాలు మెల్లగా తిరిగొచ్చాయి, కాలు కొంచెం ఈడ్చుకుంటూ వచ్చింది. మాట మాత్రం ఒకటే మిగిలింది: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యానాపమన్నా అదే, నన్ను గుర్తుపట్టినా అదే. అంతా తెలుసు ఆయనకు, ఎవరేమన్నా అర్థమవుతుంది, బయటికి రావడానికి మాత్రం ఆ ఒక్క మాటే. పెద్దమ్మ పదిరోజుల్లో ఇరవై రకాల అదేలను వేరు చేయడం నేర్చుకుంది. నాకు మూడు వచ్చు. కుప్పంలో ఒక ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఉందంటే, పలమనేరు మీదుగా బస్సులో తీసుకెళ్ళాం. కండక్టరు యాడికని అడిగితే నాకంటే ముందే పెదనాన్న, "అదే," అన్నాడు. "అదే అంటే యాడప్పా? బస్సు పోతాండేది కుప్పానికే గదా," అన్నాడు కండక్టరు నవ్వుతూ. బస్సులో నలుగురు నవ్వారు, నేను కూడా అలవాటు కొద్దీ నవ్వాను. పెదనాన్న మొహం కిటికీ వైపు తిప్పుకుని కుప్పం వచ్చేదాకా మళ్ళీ మా వైపు తిరగలేదు.

డాక్టరమ్మ నా వయసుదే. మెత్తగా, నేరుగా చెప్పింది. మొదటి ఆరునెలల్లో వచ్చేదే ఎక్కువ, ఆ తర్వాత అసలు రాదని కాదు గానీ కష్టం. మాట్లాడలేని వాళ్ళు కూడా బాగా అలవాటైన పాటలు పాడగలరు, ఇంట్లో ఆయనకు తెలిసిన పాటలు పెట్టండి, నోరు కలుపుతాడేమో చూడండి అంది. అప్పటికే నాలుగో నెల నడుస్తోంది. నాది కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం, ఎక్కడ కూర్చున్నా ఒకటే గనుక మదనపల్లె నుంచి బట్టలు సర్దుకుని పెదనాన్న ఇంటి వెనక గదిలో దిగాను. వంశంలో కంప్యూటరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మాట తెప్పించడమంటే కేబుల్ తగిలించడమే అనుకున్నాను నేను, ఇంట్లో వాళ్ళు అంతకంటే ఎక్కువ నమ్మారు.

ముందు ఫోనులో పాట పెట్టాను. జీవితమంతా పెద్ద స్పీకర్ల ముందు కూర్చున్న మనిషి, అగ్గిపెట్టెలో తేనెటీగ అరుస్తున్నట్టు ఉన్న ఆ శబ్దం విని మొహం పక్కకు తిప్పుకున్నాడు. సరే, స్టీరియోలోనే పెడదామంటే క్యాసెట్లలో సగానికి బూజు, టేపురికార్డరుకు బెల్టులు కరిగిపోయాయి. మామూ వారం రోజులు కూర్చుని దాన్ని ఎలాగో తిప్పాడు. ఇంకెన్నాళ్ళు తిరుగుతుందో తెలియదు గనుక బాగున్న నలభై క్యాసెట్లను ఒక్కోసారి తిప్పి కంప్యూటరులోకి ఎక్కించాను. వెనక గది నుంచి హాల్లోని స్టీరియోకు పొడవాటి తీగ లాగాను. మూడోరోజు పెదనాన్న ఈడుస్తున్న కాలు ఆ తీగలో చిక్కుకుంది, పడబోతే పెద్దమ్మ పట్టుకుంది. ఆ రోజుతో ఇంట్లో తీగ అన్నది నేలమీద కనబడకూడదని తీర్మానమైంది. అందుకని వైర్లెస్. కంప్యూటరు నుంచి పాట గాలిలో వస్తే, స్టీరియో మీద ఒక చిన్న డబ్బా అందుకుంటుంది. అందినంతసేపు దాని మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. మామూ ఆ డబ్బాను స్టీరియోకు అతికిస్తూ, "తీగ లేకుండా గాలి మోసుకొస్తాదా పాటని? గాలి ఏమన్నా నీ నౌకరా రే?" అన్నాడు. మామూ అనుమానమే నిజమైంది. గాలి ప్రతి రెండు నిమిషాలకూ పాటను దారిలో పారేసేది.

పాట ఆగిన ప్రతిసారీ పెదనాన్న కుర్చీలో ముందుకు వంగి, "అదే! అదే!" అని కసురుకునేవాడు. ఆయన దగ్గర పెరిగినవాణ్ణి, పాట సగంలో ఆగితే నాకు ప్రాణం వేలాడుతుంది. పరుగెత్తుకొచ్చి డబ్బా పీకి పెట్టి, మళ్ళీ పరుగెత్తి వెళ్ళి పాటను మొదటినుంచి పెట్టేవాణ్ణి. ఆఫీసు మీటింగుల మధ్యలో మాయమయ్యేవాణ్ణి, మా మేనేజరు నాకేదో కడుపు జబ్బని నిర్ధారించుకుని మజ్జిగ తాగమన్నాడు. సిగ్నలును మోసేందుకు మధ్యలో ఇంకో డబ్బా పెట్టాను, అప్పటినుంచి రెండు డబ్బాలూ ఒకదాన్నొకటి వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఐదో నెల వచ్చేసింది. చివరికి దారికి అడ్డం నిలుచున్నది నడిమి గదిలో నైరుతి మూలనున్న ఇనుప బీరువా అని తేలింది. ఆ మూలలో పెట్టినాకే అంగడి కలిసొచ్చిందని పెద్దమ్మ నమ్మకం. ఆ మూలలో ఉండగానే అంగడి మూతపడిన సంగతి ఆమె లెక్కలోకి రాదు. "యాల కదిలించేది? నేను కాపరానికొచ్చిన కాడ్నుంచి ఆడ్నే ఉండాది. నీ పాటకు దావ గావాలంటే సుట్టుకోని పోనీ," అంది. నేను గోడకున్న క్యాలెండరు తిప్పి, డాక్టరమ్మ చెప్పిన ఆరునెలల్లో ఐదోది నడుస్తోందని చూపించాను. "ఆయనకు నోరొస్తాదంటే బీరువా గాదు, ఇల్లే జరుపుదాం పా," అంది.

చీరలన్నీ మంచం మీద పోసి, మామూ, నేను, పక్కింటాయన కలిసి బీరువాను అవతలి గోడకు జరిపాం. డబ్బా మీద ఆకుపచ్చ లైటు వెలిగి ఇక ఆరలేదు. పాటలు ఏటి నీళ్ళలా వచ్చాయి, ఒక్క తునక తెగలేదు. మూడు వారాలు. పెదనాన్న కళ్ళు మూసుకుని వినేవాడు, వేళ్ళు కుర్చీ చేతి మీద తాళం వేసేవి. పెదవి కదల్లేదు. అంతకంటే ఘోరం, కసురుకోవడానికి కారణం పోయి ఆ "అదే" కూడా తగ్గిపోయింది. అంత మంచి శబ్దంలో అంత మౌనం నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ కుప్పం వెళ్తే డాక్టరమ్మ బొమ్మలు చూపించింది, పేర్లు అడిగింది, తర్వాత తల వంచుకుని చాలాసేపు రాసుకుంది. డాక్టర్లు తల వంచుకుని రాసుకునేది మంచి సంగతి కాదని నాకప్పుడు తెలిసింది. వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. నాకు అన్నిటికీ ఒక జోకు ఉంటుందని పేరు. పలమనేరు దాటేదాకా వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

ఇంటికి రాగానే పెద్దమ్మ చెప్పులు విడవకుండానే బీరువా ముందు నిలబడింది. "అది జరిపిన కాడ్నుంచి ఉండే ఒక్క మాటా పాయ. తీస్కపోయి దాని తావులో పెట్టండప్పా," అంది. వాదించే ఓపిక నాకు లేదు. డబ్బాలు, సిగ్నళ్ళు, ఆకుపచ్చ లైట్లు చేయలేనిది నైరుతి చేస్తే చేయనీ అనుకున్నాను. మామూను పిలిచి, బీరువాను పాత చోటికే నెట్టాం. చీరలు మాత్రం ఆ రాత్రికి మంచం మీదే ఉండిపోయాయి.

మరుసటి పొద్దున కంప్యూటరులో చేతికొచ్చిన క్యాసెట్టు పెట్టి, మీటింగులో కూర్చున్నాను. హాల్లోంచి పెదనాన్న పాత గొంతు వినిపించింది, ముప్పై ఏళ్ళ నాటి ఆరోగ్యంతో. "పాటల పెట్టె... బస్టాండు ఎదురుగా..." అని, ఆగిపోయింది. బీరువా తన పని తాను చేసింది. మామూలుగా అయితే ఈపాటికి పరుగెత్తేవాణ్ణి. ఆ రోజు లేవలేదు. లేచి ఏం చేయాలి, మళ్ళీ మొదటినుంచి పెట్టి ఎవరిని ఉద్ధరించాలి? కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. మా ఇంట్లో ఒక పాట ఆగి అంతసేపు ఎవరూ పట్టించుకోకపోవడం అదే మొదటిసారి.

"పుం... పుంగ... నూరు."

సిగ్నల్ వచ్చిందనుకున్నాను. కాస్త ఆగి, ఇంకా మెల్లగా, "నూరు... నూరు," అని వినబడింది. ఇదేం ఎకో, ఇంత లేటుగా వస్తోంది అని విసుక్కుంటూ లేచి గడప దాకా వెళ్ళి చూస్తే, డబ్బా మీద లైటు లేదు. పెదనాన్న కుర్చీ అంచున కూర్చుని, ఎడమచేత్తో స్పీకరు గుడ్డను గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మొహమంతా చెమట. ఎకోతో సహా పూర్తి చేశాడు మహానుభావుడు. వంటింట్లోంచి పెద్దమ్మ పిండి చేతులతో వచ్చి ఆయన్ను చూసింది, నన్ను చూసింది. "ఐదునెల్లు నోరు మూసుకోని, తెరిస్తే అంగడి అడ్రసు చెప్పినాడు సూడు," అంది. అని గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. పిండి చేతులతోనే మొహం కప్పుకుంది.

తెగిన చోటల్లా నేను పరుగెత్తి అతికిస్తూ వచ్చానే గానీ, తెగిన ముక్క ఆయన నోటికోసం మిగిలి ఉందని నాకు తోచలేదు. ఆ నెలలన్నీ ఆయన "అదే, అదే" అని కసురుకున్నది పాట మీద కాదేమో, నా మీదనేమో. కుప్పం డాక్టరమ్మకు చెబితే నవ్వి, బాగా నలిగిన మాటలు అలాగే వస్తాయని, ఖాళీ ఇవ్వాలని చెప్పింది. నేను తెలివిగా కంప్యూటరు దగ్గర కూర్చుని కావాలని పాటలు ఆపి చూశాను. ఆకుపచ్చ లైటు వెలుగుతుండగానే పాట ఆగేసరికి, గడప దాకా వచ్చిన నన్ను పెదనాన్న నకిలీ క్యాసెట్టు పట్టుకొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. బీరువా ఆపితేనే ఆయనకు నమ్మకం. అలా తెగిన పాటల చివర్లు ఒక్కొక్కటిగా పూర్తి చేస్తూ, ఆ పాటల్లోంచే నీళ్ళు, ఎండ, రా, పో, వద్దు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నలభై మాటలదాకా ఉన్నాయి. మామూను ఎలా పిలవాలో తెలుసు, నన్ను తిట్టడానికి రెండు మాటలున్నాయి.

పెద్దమ్మ పేరు మాత్రం ఏ క్యాసెట్టులోనూ లేదు. ఆమెను ఇప్పటికీ "అదే" అనే పిలుస్తాడు, ఆమె పలుకుతుంది. నేనొకసారి ఆ ప్రస్తావన తెస్తే, "బాగుండినప్పుడు ఎన్నడు పిలిచినాడు గనక," అని గిన్నెలు కడుగుతూ అంది. కానీ పాట ఆగినప్పుడల్లా ఆమె కుళాయి కట్టేస్తుంది. నేను చూశాను.

మొన్న ఇంటర్నెట్టు ఆయన వెళ్ళాక పాట పెట్టాను, కాసేపటికి బీరువా దాన్ని ఆపింది. వంటింట్లో కుళాయి ఆగింది. డాక్టరమ్మ చెప్పిన ఆరునెలలు ఎప్పుడో దాటిపోయాయి. మా ఇంట్లో ఇప్పుడు కాలాన్ని పాట నడిచినంతసేపు ఎవరూ లెక్కపెట్టరు, ఆగినచోట మాత్రం ముగ్గురం ఊపిరి బిగబట్టి లెక్కపెడతాం.