రబ్బరు పైపుకు రాసిన ఆముదం

సిలిండరు మా ఇంటికి యూరియా బస్తాల మధ్య నిలబడి వచ్చింది. ఎనభైలు సగం దాటిన రోజులవి. కొత్తగూడెం నుంచి ట్రాక్టరు మీద తెచ్చి, మా అబ్బాయీ పాలేరూ కలిసి దించుతుంటే వాకిట్లో పదిమంది చేరారు. చండ్రుగొండ దాటి అడవి అంచున ఉన్న మా ఊళ్లో అదే మొదటి గ్యాస్ పొయ్యి. వచ్చినవాళ్లందరూ సిలిండరును చేత్తో తట్టి చూశారు. నేను మాత్రం నాలుగడుగుల దూరంలోనే నిలబడ్డాను. బియ్యం బస్తా అయితే చెయ్యి పెట్టి చూస్తాం. నూనె డబ్బా అయితే వాసన చూసి తీసుకుంటాం. ఇదేమో లోపల ఏముందో చూపించకుండా ఇంట్లోకి నడిచొచ్చింది. అలాంటి వస్తువును నేనెలా నమ్మేది?

అది కోడలి కోసం వచ్చింది. ఆమెకు ఉబ్బసం. వానాకాలంలో పచ్చి కట్టెలు రాజుకోక పొగ ఇల్లంతా కమ్మితే, ఆమె వంట మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్లి, అరుగు అంచు పట్టుకుని వంగి నిలబడేది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేసినట్టు వినిపించేది. దవాఖానాలో డాక్టరమ్మ మందులు రాసిచ్చి, "పొగ మానకుంటే ఈ మందులు ఎన్ని మింగినా అంతే" అని చెప్పింది. ఆ మాట మీద మా అబ్బాయి గ్యాసుకు పేరు రాయించాడు. ఎన్నాళ్లో ఎదురుచూస్తే వచ్చింది.

పొయ్యి బిగించడానికి ఏజెన్సీ నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి. వంటింట్లోకి అడుగుపెట్టగానే అతని చూపు మూలనున్న దాలి మీద పడింది. పిడకలు పేర్చి, పైన ఊక కప్పి, పాలకుండ దించే గుంట అది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అరచేయంత మందాన మీగడ కడతాయి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి అందులో నిప్పు ఆరనివ్వలేదు.

"పెద్దమ్మా, గీ నిప్పు ఈడ ఉండొద్దు."

"పొయ్యి కాడ నిప్పు ఉండొద్దా? మరి పొయ్యి దేనికయ్యా తెచ్చింది, పూజకా?"

"నీకెట్ల చెప్పాలె... గ్యాస్ ఎన్నడన్న లీకయితే నిప్పును ఎతుక్కుంట పోతది. బరువుది, నేల మీదికెళ్లి పాకుతది."

పాము కథలా ఉందనుకున్నాను. అయినా కోడలి మొహం చూసి, దాలిని నిప్పు ఆరనివ్వకుండానే గడప అవతల వెనక వసారాలోకి మార్చాను. వంటింటికీ దానికీ మధ్య ఒక్క గడప, ఒక్క మెట్టు. అంతకు మించి దూరం పంపడం నాకు ఇష్టం లేకపోయింది.

వెళ్లేముందు మెకానిక్ సిలిండరు నుంచి పొయ్యికి వచ్చే రబ్బరు పైపును వేలితో చూపించాడు.

"రెండేండ్లకోసారి దీన్ని మార్చాలె పెద్దమ్మా. పగుళ్లొస్తయి."

"పగుళ్లు రాకుంట నేను జూస్కుంటె?"

"ఎంత జూస్కున్నా వస్తయి."

అక్కడ నాకు అనుమానం గట్టిపడింది. బాగున్న వస్తువును ముందే పారెయ్యమంటున్నాడంటే అది అమ్ముకునేవాళ్ల మాట. మా ఇంట్లో చీపురును కూడా పుల్లలు మిగిలినంత కాలం పశువుల కొట్టంలో వాడతాం. రెండేళ్లకే పైపు పారేస్తారా ఎవరైనా?

ఆ తర్వాత నా కళ్లు ఎప్పుడూ దాని మీదే ఉండేవి. కోడలు నాబ్ సరిగా కట్టేసిందో లేదో ఆమె వెనకే వెళ్లి చూసేదాన్ని. సిలిండరు తొందరగా అయిపోతే, ఏజెన్సీ వాళ్లు సగమే నింపి పంపారనుకునేదాన్ని. కడుపు ఉబ్బరిస్తే గ్యాస్ మీద వండిన అన్నమే కారణమనేదాన్ని. కోడలు నవ్వి ఊరుకునేది. ఆమె ఉబ్బసం తగ్గిన సంగతి నాకు కనపడుతూనే ఉంది. ఆ ఏడు వానాకాలమంతా ఒక్కసారి కూడా అరుగు పట్టుకుని నిలబడలేదు. అది మందుల వల్లే అని వాదించాను.

పైపు సంగతి మాత్రం నేను నా చేతుల్లోకి తీసుకున్నాను.

మా పుట్టిల్లు బోనకల్ వైపు. మాకు మోట బావి ఉండేది. ఎద్దులు ముందుకు నడిస్తే మోట పైకి వచ్చి, దాని తోలు తొండంలోంచి నీళ్లు కాలువలోకి కుమ్మరించేది. ఆ తొండం ఎండితే పగులుతుంది, పగిలితే సగం నీళ్లు తిరిగి బావిలోకే పోతాయి. అందుకని మా నాన్న గోరువెచ్చని ఆముదంలో గుడ్డ ముంచి, తొండానికి పైనుంచి కిందిదాకా పట్టించేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ గుడ్డ పట్టుకునే పని దొరికింది. ఏ మడతలో పగులు మొదలవుతుందో, ఎక్కడ ఎక్కువ పట్టించాలో నా వేళ్లకు తెలుసు. నా చేతిలో తొండం ఒక్కటి కూడా పగల్లేదు.

గ్యాస్ పైపు చూస్తే నాకు ఆ తొండమే గుర్తొచ్చింది. వారానికోసారి, కోడలు బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు, పైపును ఆముదంతో రుద్దేదాన్ని. వంగే చోట ఇంకొంచెం ఎక్కువ. పైపు నల్లగా నిగనిగలాడేది. రెండేళ్లు దాటాయి, మూడో ఏడు వచ్చింది. పగులు లేదు. మెకానిక్ మాట అబద్ధమని తేలిందని లోలోపల గెలిచినట్టే ఉండేది.

ఒక వానాకాలం పొద్దున వసారాలో దాలి దగ్గర వంగి, పాలకుండ మీద ఊక సర్దుతున్నాను. కుళ్లిన ఉల్లిగడ్డ కంపు కొట్టింది. లేచి నిలబడితే లేదు. వంగితే ఉంది. గడప దగ్గర ముక్కు పెడితే ఇంకా ఎక్కువగా ఉంది. లోపల కోడలు గట్టు మీద టీ గిన్నె పెట్టి, లైటర్ చేతిలోకి తీసుకుంటోంది. ఆమెకు జలుబు, ముక్కు దిబ్బడ వేసి ఉంది.

"ఆగు! వెలిగియ్యకు! నాబ్ కట్టెయ్యలేదా నువ్వు?"

"కట్టేసే ఉందత్తమ్మా. ఏందట్ల అరుస్తున్నవ్?"

"కంపు కొడుతుంది!"

"నాకేం వస్తలేదు..."

నేల మీద పాకుతుందన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. గడప దిగితే ఒక్క మెట్టు. మెట్టు కింద నా దాలి.

పక్కనే గేదెల కుడితి కుండ ఉంది. రెండు చేతులా ఎత్తి దాలిలో కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. వేడి మీదున్న పాలకుండ టప్పున పగిలి, పాలు, బూడిద, తవుడు కలిసి వసారాలో పారాయి. అన్నేళ్ల నిప్పు ఆరిపోయింది. దాని గురించి బాధపడే తీరిక లేదు. సిలిండరు మీది రెగ్యులేటర్ ఎటు తిప్పాలో నాకు తెలియదు. ఇన్నేళ్లు దాన్ని అనుమానించానే గాని ఒక్కసారైనా ముట్టుకుని నేర్చుకోలేదు. లోపలికి పోబోతుంటే కోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకత్తమ్మా, నీకు తెల్వదు. వాకిట్లకు నడువ్!"

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊపిరాడని ఆ మనిషే వంగి రెగ్యులేటర్ కట్టేసింది. కిటికీ తలుపులు తెరిచి బయటికి వచ్చి నా పక్కన కూలబడింది. నా కేకలకు పక్కింటావిడ పరుగున వచ్చింది, పాలేరు మా అబ్బాయిని పిలవడానికి చేనుకు ఉరికాడు.

మిరపచేను నుంచి అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. కంపు పోయేదాకా ఆగి, పైపుకు సబ్బు నురగ రాసి, రెగ్యులేటర్ ఒక్క క్షణం తిప్పి చూశాడు. పైపు వంగిన చోట నురగ బుడగలు బుడగలుగా లేచింది. అక్కడ ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయి. పైపు ఊడబీకి నా ముందు పడేశాడు.

"నువ్వు మొదటి సంది చెప్తనే ఉన్నవమ్మా, మేమే ఇన్లే. ఇది మన ఇండ్లల్లకు పనికొచ్చేది కాదు. రేపే ట్రాక్టర్ మీద వాపస్ పంపిస్త."

పక్కింటావిడ అవ్ అవ్ అంటూ తలూపింది. "పెద్దావిడ మాట ఊకె పోతదా?" అంది.

కోడలు లేచి, మూడేళ్లుగా కోళ్ల గంప బోర్లించి ఉన్న పాత కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లింది. గంప పక్కకు తీసి, ఊడ్చి, తడి కట్టెలు పేర్చి ఊదడం మొదలుపెట్టింది. నాలుగు ఊదుళ్లకే ఈల లాంటి ఆ శబ్దం మళ్లీ వినిపించింది.

నా ఒళ్లో పైపు ఉంది. వంగే చోట రబ్బరు ఉబ్బి మెత్తబడి, వేలితో నొక్కితే జిగురులా అంటుకుంది. ఎలుక మిగతా పైపు జోలికి పోలేదు. నేను ఎక్కువ పట్టించిన ఆ జానెడు మేరే కొరికింది. వాసన చూశాను. చూడకపోయినా తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నా మాట గెలుస్తుంది, ఆ ఇనుప వస్తువు రేపు ఊరు దాటుతుంది. అవతల ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి కోసం ఆగింది.

"వాపస్ పంపకురా. తప్పు దానిది కాదు."

"మరి ఎలుకదా?" అన్నాడు అబ్బాయి.

"నాది. పైపుకు నేనే ఆముదం రాసిన."

"ఆముదమా? రబ్బరుకా?"

"మోట తొండానికి రాయమా?"

"అది తోలమ్మా!" అని నెత్తి పట్టుకున్నాడు. "ఎన్ని రోజుల సంది?"

"వచ్చిన కాడి నుంచి. వారం వారం."

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జారుకుంది. అబ్బాయి అరవాలో నవ్వాలో తెలియక వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. కోడలు పొయ్యి దగ్గర నుంచే, దగ్గుకీ దగ్గుకీ మధ్య అంది.

"నా నెత్తికి గూడ ఎన్నడూ అంత మంచిగ పెట్టలే గదత్తమ్మా!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ముందు ఆ కట్టెలు లాగేసి పొయ్యి ఆర్పమని కసిరాను.

మర్నాడు అబ్బాయి కొత్త పైపు తెచ్చాడు. ఎప్పుడు మార్చాలో గోడ మీద బొగ్గుతో రాయించాను. దాలి పశువుల కొట్టం అవతలికి పోయింది. పాలు మోసుకుంటూ అంత దూరం నడవడం నా మోకాళ్లకు కష్టమే. పాత పైపులో బాగున్న ముక్క కోసి, దూడ మెడ ఒరుసుకోకుండా తలుగు తాడుకు తొడిగాను.

సిలిండరును ఇప్పటికీ నమ్మను. రెగ్యులేటర్ కట్టడం, తీయడం మాత్రం కోడలి దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు వానాకాలంలో ముక్కు పనిచెయ్యదు కనుక, పొద్దున టీ పెట్టేముందు నేనే వెళ్లి, నడుం పట్టుకుని సిలిండరు పక్కన నేల దాకా వంగుతాను. కోడలు లైటర్ పట్టుకుని ఆగి ఉంటుంది.

"ఏమన్న వస్తుందా అత్తమ్మా?"

గడప దాకా వాసన చూసి లేచాకే చెబుతాను.

"ఏం లేదు. వెలిగించుకో."